నలభై గళ్ళు

కూర్ట్ రూల్ఫ్‌సెమా నా సంగీతంలోంచి నలభై గళ్ళు, ఎనిమిది నిమిషాల వాయింపు, కోసేశాడు. ఆ కచేరీ రోజు నా భార్య నీల్చె హాల్లో నా పక్కన కూర్చుని ఉంది. ఆమె విన్న ఆఖరి సంగీతం అదే. కోసింది వింది, పూర్తిది వినలేదు. పదకొండేళ్ళయింది. ఇందులో తేల్చవలసింది ఏమీ లేదు.

ఇప్పుడు రెండు గంటలు. మూడింటికి కచేరీ మొదలుపెడతారు. చర్చిలో వెనక నుంచి నాలుగో వరసలో, ఎడమ చివర, మా అత్తగారు నలభై ఏళ్ళు కూర్చున్న బల్ల మీద కూర్చున్నాను. ఎవరికీ కునుకు పట్టకుండా చేసిన చెక్క ఇది, వెన్ను ఎక్కడ ఆనించినా ఏదో ఒక అంచు గుచ్చుకుంటుంది. గాలి సముద్రం వైపు నుంచి వీస్తోంది. పశ్చిమ కిటికీలో ఒక అద్దం వదులైంది, అది పలికే స్వరం ఓబో శ్రుతికి వెంట్రుకవాసి తక్కువ. ఓబో అంటే మా వైపు సన్నాయి. ఎవరైనా ఒక మేకు కొట్టి ఉండాల్సింది. ముందు పదహారు కుర్చీలు, పదహారు కాగితాల స్టాండ్లు, మనుషులు లేరు. అందరూ పక్క గదిలో కాఫీ తాగుతున్నారు. ఇవాళ శనివారం. ఈ ఊళ్ళో, ఔట్‌కాపెలలో, ఆదివారం నాడు చర్చికి తప్ప సైకిలు కూడా బయటికి తియ్యరు, ఇక వయోలిన్లు ఎవరు తియ్యనిస్తారు. ఆ సంగీతం ఇక్కడ వాయించనిమ్మని చర్చి పెద్దలు ఉత్తరం రాసి అడిగారు. నేను ఒక షరతు రాశాను: నలభై గళ్ళూ ఉండాలి, ఒక్క గడి తగ్గినా లేచి వెళ్ళిపోతాను. వాళ్ళు ఒకే వాక్యం తిరిగి రాశారు: ఒప్పుకున్నాం, కాఫీ ఒకటిన్నరకి. ఆ జవాబు నాకు నచ్చింది. సంతకాల కింద ఇంకో ముక్క ఉంది, బృందం ముందు నిలబడి పుల్ల ఊపేది కూర్ట్ అని, తనే అడిగి వస్తున్నాడని. సరే అన్నాను. మా ఊరి బడిలో తప్పు రాసినవాడే నల్లబల్ల దగ్గరికి వెళ్ళి, అందరి ముందూ తుడిచి, మళ్ళీ రాయాలి. నేను చదివింది ఆ బడిలోనే, ఆరు క్లాసులు. అంతకు మించి ఎవరూ నాకేమీ నేర్పలేదు. అవసరమూ పడలేదు.

మా నాన్న నీళ్ళు తోడే యంత్రశాలలో పనిచేసేవాడు. సముద్రం కన్నా పల్లంలో ఉన్న పొలాలు మావి, యంత్రం ఒక రాత్రి ఆగితే ఉదయానికి ఆవులు మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడతాయి. పన్నెండో ఏట నుంచి ఆ యంత్రం పక్కనే పడుకున్నాను. మూడు దెబ్బలు సమంగా కొట్టి నాలుగోది కుంటేది. ఆ కుంటు నా మొదటి రచనలో ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ పత్రికలో ఒకాయన దాని మీద పేజీన్నర రాశాడు, అది లయకి సంబంధించిన ఒక గంభీరమైన సిద్ధాంతమట. అది అరిగిపోయిన తోలు బెల్టు. నేను దిద్దలేదు. యాభై ఒక్క రచనలు చేశాను, ఒక్క స్వరానికి కూడా చింతించలేదు. పెద్ద పెద్ద సంగీత కళాశాలల్లో చదివినవాళ్ళు నా వయసుకి మూడుసార్లు మతాలు మార్చినట్టు పద్ధతులు మార్చారు. నేను మార్చలేదు. కుంటేది కుంటుతుంది, అంతే.

పీటర్నెల్ వస్తోంది. చర్చి తాళాలు చూసేది ఆమే, నీల్చెకి పినతల్లి కూతురు. ఒక చేతిలో కాఫీ, ఇంకో చేతిలో దాల్చినచెక్క పాకం కారుతున్న చుట్టల రొట్టె.

"బావా, మూతి ఇంకా అలాగే పెట్టుకున్నావా? పదకొండేళ్ళు మగ్గిన జున్నుకి కత్తి దిగదు, సుత్తి తేవాలి. నువ్వూ అంతే."

"తినడానికి పెడుతున్నావా, తిట్టడానికి వచ్చావా?"

"రెండూను. కూర్ట్ అటు గదిలో ఒక్కడే గోడకానుకుని నిలబడ్డాడు. ఓ కప్పు కాఫీ పట్టుకెళ్ళి ఇస్తే నీ వేళ్ళు ఊడిపోవు."

"వాడికి కాళ్ళున్నాయి."

"నీల్చె అక్క ఉండుంటే..."

"లేదు కదా."

వెళ్ళిపోయింది. పాకం వేళ్ళకి అంటుకుంది. నీల్చె అయితే వేళ్ళు నాకి, అంటుకోని చిటికెన వేలితో పుస్తకంలో పుట తిప్పేది. చిన్నప్పుడు ఈ బల్ల మీదే వాళ్ళమ్మ పక్కన కూర్చుని, ప్రసంగం మొదలవగానే ఒక పిప్పరమెంటు బిళ్ళ, పాస్టరుగారు రెండో అంశానికి వచ్చాక ఇంకొకటి నోట్లో వేసుకునేది. మూడో బిళ్ళ కరిగిపోయేలోపు ప్రసంగం అయిపోతే మంచి పాస్టరు. నా కోటు జేబులో ఇప్పటికీ పొట్లం ఉంటుంది. నాకు పిప్పరమెంటు ఇష్టం లేదు. ఇరవై రెండో ఏట పిల్లనడగడానికి వచ్చి ఇదే బల్ల మీద కూర్చున్నాను. అప్పుడు విన్నాను ఇక్కడి పాట. మా ఊళ్ళో కీర్తన లయలో పాడేవాళ్ళం, ఇక్కడ లయ లేదు. ప్రతి స్వరమూ ఒక ఊపిరంత పొడుగు. మూడు వందల గొంతులు, మూడు వందల నడకలు. చేపలవాళ్ళు ముందుకి పోయేవాళ్ళు, రైతులు వెనకబడేవాళ్ళు. పోటు నీరు బురదకాలవల్లోకి ఎక్కేటప్పుడు ఒక అంచులా రాదు, వంద వేళ్ళుగా వస్తుంది, అలా వచ్చేది పాట. అందరికన్నా వెనక లేనా అనే ముసలామె, ఆస్తమా మనిషి. కీర్తన ఎత్తేవాడు మా మామగారు మరీనస్. ప్రతి చరణం చివర ఆఖరి స్వరం పట్టుకుని నిలబడేవాడు, లేనా వచ్చి చేరేదాకా. చేతులు ఊపడు, వెనక్కి తిరిగి చూడడు, పట్టుకుని ఉంటాడంతే. ఆమె చేరాక, అందరూ కలిసి ఒకే ఊపిరి తీసేవాళ్ళు. ఆ ఊపిరి చప్పుడుకి నా వెన్ను నిటారైంది. పిల్లనడగడం మరిచిపోయాను. గుమ్మం దగ్గర నీల్చె తనే అడిగింది, "అడగడానికి వచ్చావా, వినడానికి వచ్చావా" అని.

ఆ నలభై గళ్ళు అదే. కాగితం మీద నిలువు గీతకీ నిలువు గీతకీ మధ్యది ఒక గడి. అంతదాకా పదహారు వాద్యాలూ విడివిడిగా నడిచి నడిచి వస్తాయి, ఇక్కడ ఓబో ఒక్కటే ఒక స్వరం పట్టుకుని నిలబడుతుంది, వెనకబడ్డవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి దాన్ని చేరుకుంటారు. ఎనిమిది నిమిషాలు. మొత్తం ఇరవై అయిదులో ఎనిమిది. అవి అయ్యాక ముగింపు, అందులో మరీనస్ పాటే, ఏమీ మార్చకుండా. మరీనస్ చనిపోయిన ఏడాది మొదలుపెట్టాను, మూడేళ్ళు పట్టింది. మూడేళ్ళు నిరీక్షణ గురించి రాసినవాణ్ణి ఎనిమిది నిమిషాలు నిరీక్షించలేనివాడు కోశాడు.

నీల్చె నకలు రాసేది. నేను రాసిన పూర్తి ప్రతిలోంచి ఒక్కొక్క వాద్యానికి ఒక్కొక్క విడి ప్రతి, వంటింటి బల్ల మీద, సిరాతో. అందరూ కంప్యూటర్లకి మారారు, మేం మారలేదు. ఆమె కాగితం చూస్తే బృందాలవాళ్ళు, "హమ్మయ్య, నీల్చె చేతిదా" అనేవాళ్ళు. కారణం అందం కాదు, పుట తిప్పే చోటు. వాయించేవాడికి రెండు చేతులూ వాద్యం మీదే ఉంటాయి, అతనికి విరామం ఉన్న చోటే పుట అయిపోవాలి. దానికోసం ఆమె ముందు గళ్ళు లెక్కపెట్టేది, ఒక చోట ఇరికించేది, ఒక చోట పరిచేది, రెండు రోజులు లెక్క వేసి అప్పుడు కలం ముంచేది. "ఊపిరి ఉన్న చోట తిప్పాలి లేన్‌డర్ట్, లేకపోతే అది కాగితం కాదు, ఉచ్చు" అనేది. కష్టమైన చోట వాయించేవాళ్ళు పెన్సిల్‌తో చిన్న కళ్ళజోడు బొమ్మ వేసుకుంటారు, జాగ్రత్తగా చూడమని. ఆమె ముందే వేసి ఇచ్చేది, ఒక కొమ్ము లేని కళ్ళజోడు. ఆమెదీ అంతే, ఒక కొమ్ము విరిగితే దారం కట్టుకుంది. పుల్ల పట్టుకున్నవాళ్ళు కోసే పద్ధతి వేరు. పొద్దున సాధనలో, "ఇక్కణ్ణుంచి అక్కడికి దూకండి" అంటారు. పెన్సిల్‌తో ఒక అడ్డగీత. సాయంత్రం అందరూ కంగారుగా రెండేసి పుటలు తిప్పుతారు, చర్రుమని చప్పుడు. కూర్ట్ అలాగే చేసి ఉంటాడని నాకు తెలుసు. చూడలేదు. చూడక్కర్లేదు. కచేరీ మర్నాడే ఆ బృందానికి ఉత్తరం రాశాను, విడి ప్రతులు పెట్టెలో పెట్టి మూసెయ్యండి, ఇది ఇక ఎవరూ వాయించకూడదని.

కచేరీ ముందు చలికాలం ఆమె వెన్నులో గడ్డ పెరిగింది. పావుగంట కూర్చుంటే పడుకోవాలి. బల్ల పక్కనే మంచం వేశాను. రాసేది, పడుకునేది, రాసేది. ప్రతులు అయిపోయాక కూడా ఏవో దిద్దుబాట్లని కూర్చునేది, పొయ్యి మీద పిండి జిగురు కాచుకునేది, ఇల్లంతా ఆ వాసన. ఒకరోజు కలుపుతూ అంది, "ఆ ఎదురుచూపు ఎనిమిది నిమిషాలు కదా. కాస్త తగ్గించకూడదూ?" నేను చెప్పాను, "ఒక్క స్వరం కూడా తగ్గించను. మీ నాన్న తగ్గించేవాడా?" నవ్వింది. "మా నాన్న తగ్గించడు. మా అమ్మ వెనక బల్లలోంచి దగ్గేది, ఇక చాలని" అంది. నా జవాబు బాగా కుదిరింది. తరవాత పత్రికలవాళ్ళకి చాలాసార్లు చెప్పాను.

రోటర్‌డామ్‌లో ఆ సాయంత్రం పదిహేడు నిమిషాల్లో అయిపోయింది. ఓబో ఊపిరి తీసుకుంది, నేను ఆ స్వరం కోసం చూస్తున్నాను, ఆ స్వరం రాలేదు, నేరుగా మరీనస్ పాట వచ్చింది. నీల్చె చెయ్యి నా మోచేతి మీద ఉంది. గట్టిగా పట్టుకుంది. నేను కూర్ట్ వీపు చూస్తున్నాను, నల్ల కోటు, మెడ దగ్గర మడత. ఆమె ముఖం చూడలేదు. కారులో వెనక సీట్లో పడుకుని, "బాగుంది లేన్‌డర్ట్" అంది. "ఏం బాగుంది, నలభై గళ్ళు లేవు" అన్నాను. ఆ వారంలో రెండుసార్లు చెప్పింది, కూర్ట్‌ని ఏమీ అనకు అని. మంచితనం అనుకున్నాను. పంతొమ్మిదో రోజున పోయింది. పాతిపెట్టాక అందరికీ కాఫీ, ఒక కేకు ముక్క, అది ఊరి మర్యాద. శత్రువుకైనా పోస్తారు. కూర్ట్ వరసలో నిలబడి కప్పు అందుకోబోతే, నేను చెయ్యి అడ్డం పెట్టాను. అందరూ చూశారు. కప్పు బల్ల మీద పెట్టేసి, టోపీ పెట్టుకుని, వానలో వెళ్ళిపోయాడు. తప్పు చేసినవాడి మౌనం అది అనుకున్నాను.

రెండున్నర కొట్టింది. ఓబో వాయించే అమ్మాయి, హెడ్విగ్, బల్లల మధ్య నుంచి వస్తోంది, చేతిలో కాగితాలు.

"సార్, ఒక్క నిమిషం. చిన్న ఇబ్బంది. ఆ నలభై గళ్ళకీ కూర్ట్‌గారు విడిగా రాసిచ్చారు. ఇదిగో. నేను ఆ పొడుగు స్వరం పట్టుకుని ఉండగా పుట అయిపోతోంది. రెండు చేతులూ ఓబో మీద ఉంటాయి. ముక్కుతో తిప్పమంటారా?"

కూర్ట్ రాత. కోడి కెలికినట్టుంది.

"పాత దానిలో ఏముంది?"

"పాత దానిలో ఈ నలభై లేవు కదా సార్. కానీ ఎంత హాయిగా ఉందో చూడండి, కోత దగ్గర సరిగ్గా నాకు మూడు గళ్ళ విరామం. తీరిగ్గా తిప్పుకోవచ్చు."

తీసుకున్నాను. మూడు గళ్ళ విరామం, అక్కడ పుట చివర. పెన్సిల్ గీత లేదు. తరవాతి పుట మీద ఇంకో కాగితం, అంచు నుంచి అంచుకి, ఒక్క ముడత లేకుండా అంటించి ఉంది. గళ్ళు ఒక చోట ఇరికించి, ఒక చోట పరిచి, లెక్క వేసి రాసినవి. గళ్ళ సంఖ్యలు కూడా కొత్తవి, నలభై తక్కువగా. సిరా. పుట మూల ఒక కొమ్ము లేని కళ్ళజోడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పదకొండేళ్ళయినా పిండి వాసన కొంచెం ఉంది, లేదా ఉందని నాకనిపించింది. ఒక పొద్దుటి సాధనలో జరిగే పని కాదు ఇది. ఒక ప్రతికి ఒక రోజు. పదహారు ప్రతులు. పావుగంట కూర్చుని, పడుకుని, పావుగంట కూర్చుని.

"ఎవరి రాత సార్ ఇది? చాలా ఓపికైన మనిషి."

"ఓపిక అయిపోయాక రాసింది."

లేచాను. మోకాలు బల్లకి తగిలింది. పక్క గదిలో కూర్ట్ కిటికీ దగ్గర ఉన్నాడు, ఒక్కడే. లావు తగ్గాడు, మెడ దగ్గర మడత అలాగే ఉంది. కాగితం చూపించాను. చూశాడు, కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఎప్పుడిచ్చింది?"

"కచేరీకి ఎనిమిది రోజుల ముందు. నువ్వు రేడియోవాళ్ళ దగ్గరికి వెళ్ళిన రోజు. టాక్సీ వెనక సీట్లో పడుకుని వచ్చిందిరా, పదహారూ పొట్ట మీద పెట్టుకుని."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎవరు, నేనా, తనా?"

"ఇద్దరూ."

"తను అడిగిందట కదా. ఒక్క స్వరం కూడా తగ్గించనన్నావట. పదిహేడు నిమిషాలు కూర్చోగలను కూర్ట్, ఇరవై అయిదు కూర్చోలేను అంది. వంటింట్లో గడియారం పెట్టుకుని చూసుకుందట. మధ్యలో నన్ను మోసుకెళ్తే చివర మా నాన్న పాట ఉంది, అది పోతుంది నాకు అంది."

"పదకొండేళ్ళు తిట్టాను నిన్ను."

"తెలుసు. రోటర్‌డామ్ దాకా వినపడేది." మూతి వంకరగా పెట్టి నవ్వాడు. "అదీ చెప్పింది. ఆయనకి ఎవర్నో ఒకర్ని తిట్టుకోకపోతే అన్నం సయించదు, నువ్వయితే లావుగా ఉన్నావు, తట్టుకుంటావు అంది. ఒట్టు వేయించుకుంది. ఇవాళ కూడా కొత్త కాగితాలు రాసి నెట్టుకొద్దామనుకున్నాను. ఆ పుట తిప్పే చోటు నాకు కుదర్లేదు."

"నీకు ఎప్పుడూ కుదరదు."

"అవును. తనకే కుదిరేది."

గోడకి ఒక కొక్కెం, దానికి పాస్టరుగారి నల్ల కోటు. కింద నేలపలక ఒకటి పగిలి ఉంది. మూడేళ్ళు రాశాను, వెనకబడ్డవాళ్ళు వచ్చి చేరేదాకా పట్టుకుని నిలబడాలని. వంటింట్లో ఒక మనిషి వెనకబడి ఉంది, దగ్గింది కూడా. వినలేదు. సరే. వినలేదు. ఆమె చేసింది కూడా సరి కాదు. గట్టిగా ఇంకోసారి అడగవలసింది, పోట్లాడవలసింది, కలం విసిరికొట్టవలసింది. జిగురు కాచుకుంది. అందుకు ఆమెని క్షమించలేదు. నన్నూ క్షమించను, అది ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు. ఆ నలభై గళ్ళు నేను రాసినవాటిలోకెల్లా మంచివి, అదీ మారదు. అవి పూర్తి ప్రతిలో ఉన్నాయి, ఎక్కడికీ పోవు. ఇవాళ్టి ప్రశ్న అది కాదు.

"అంటించింది అంటించినట్టే వాయించు" అన్నాను.

"నీ షరతో?"

"షరతు నాది. పెద్దలతో నేను చెబుతాను."

"మళ్ళీ నేనే కోశానంటారురా."

"అనరు."

చెయ్యి చాపబోయాడు. నాకు ఆ అలవాటు పోయింది. జేబులోంచి పొట్లం తీసి, ఒక పిప్పరమెంటు బిళ్ళ ఆ చేతిలో పెట్టాను. దాన్ని చూశాడు, నోట్లో వేసుకున్నాడు, బుగ్గన పెట్టుకున్నాడు. వాడూ చర్చి బల్లల మీద పెరిగినవాడే. ఎప్పుడు ఇస్తారో తెలుసు.

జనం నిండారు. తడి ఉన్ని వాసన, దగ్గులు, కీర్తనల పుస్తకాల మీద మోచేతులు. ముందు వరసలో చర్చి పెద్దలు ముగ్గురు, వాళ్ళకి వెళ్ళి చెప్పాను, "నలభై గళ్ళు తీసేశాను. నేనే." పెద్దాయన తల ఊపి, "కాఫీ తాగారా" అన్నాడు. నాలుగో వరసకి వచ్చి కూర్చున్నాను. ఎడమ చివర నీల్చె వాళ్ళమ్మ చోటు వదిలి పక్కకి జరిగాను. మూడు కొట్టింది. పుల్ల లేచింది. వాద్యాల్లో చేపలవాళ్ళు ముందుకి పోయారు, రైతులు వెనకబడ్డారు, నాలుగో దెబ్బ కుంటింది. బాగుంది. ఎక్కడా ఒక్క స్వరం ఎక్కువ లేదు. హెడ్విగ్ ఓబో ఒళ్ళో పెట్టుకుని, మూడు గళ్ళ విరామంలో, తీరిగ్గా పుట తిప్పింది. చప్పుడు కాలేదు. తరవాత మరీనస్ పాట, ఆయన పాడిన గోడల మధ్య. నా మోచెయ్యి నేను చూసుకున్నాను. ఈసారి ఎవరి వీపూ చూడలేదు.

పీటర్నెల్ వెనక బల్లలోంచి వంగింది. "ఏం బావా, నలభై ఏవీ? లేచి వెళ్ళిపోతానన్నావుగా?"

"నేనే తీశాను."

"నువ్వా! ఎందుకు?"

"వినవే."

ఆ మాట పెద్దలకొకసారి చెప్పాను, పీటర్నెల్‌కొకసారి చెప్పాను. చాలు. పత్రికలవాళ్ళు వస్తారు, కూర్ట్ వస్తాడు, వాళ్ళ వాళ్ళ ప్రశ్నలతో. సంగీతం గురించి అడిగితే చెబుతాను. దీని గురించి ఇక మాట్లాడను.